సైటు సావుకారు

పలాసలో గానీ కాశీబుగ్గలో గానీ జీడిపప్పు కొట్టు మెట్లెక్కితే సావుకారు మిమ్మల్ని మొదట అడిగేది పేరూ కాదు, ఊరూ కాదు. "దేనికి బావు?" అంటాడు. పాయసంలోకి అంటే బద్ద తూయిస్తాడు. కాజూకత్లీకి అంటే, "ఎలాగూ పిండి సేసీదానికి గుండెందుకు, డబ్బు దండగ. ముక్క పట్టుకెళ్లు" అంటాడు. అమెరికా నుంచొచ్చిన కొడుకు తిరిగి వెళ్తుంటే కట్టివ్వాలన్నారనుకోండి, అప్పుడు పై అరలోంచి తెల్లగా, బొద్దుగా ఉన్న గుండ్ల డబ్బా దింపుతాడు. మీకేం కావాలో మీకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. తక్కువ ధర సరుకు చాలనుకున్నచోట ఎక్కువ ధరది అంటగట్టడు. అందుకే ఆ కొట్టుకి మీరు మళ్లీ వెళ్తారు.

ఇంతటి మనిషీ వెబ్‌సైటు పెట్టేసరికి ఏమైపోతాడో చూడాలి.

సైటు తెరవగానే సుప్రభాతం మోగుతుంది. హైదరాబాదులో ఆఫీసు కుర్చీలో కూర్చుని, మేనేజరు కంట పడకుండా జీడిపప్పు బేరం చేద్దామనుకున్నవాడి పని అక్కడితో సరి. తట్టుకుని నిలబడ్డవాళ్లకి అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనమిస్తాడు. స్వామి పక్కకి జరిగాక దండ వేసిన తాతగారు, ఆ వెనక నాన్నగారు, ఆ వెనక సఫారీ సూటులో సావుకారు వరసగా వస్తారు. ఆపైన మంత్రిగారికి బొకే ఇస్తున్న సావుకారు, శ్రీకూర్మంలో సావుకారు, విజయనగరం సిరిమానోత్సవంలో కుటుంబసమేతంగా సావుకారు. కింద ఎర్రక్షరాల పట్టీ ఒకటి పాకుతూ ఉంటుంది: "మా వద్ద అన్ని రకముల నాణ్యమైన జీడిపప్పు సరసమైన ధరలకు లభించును." ఆ సరసం ఎంతలో ఉందో మాత్రం చెప్పరు. పప్పు ఫొటో కూడా ఒకటుంది. ఇంటర్నెట్టులో ఊరికే దొరికితే పెట్టారు, అది ఏ దేశపు పప్పో పెట్టినవాడికీ తెలీదు. పలాస సావుకారి సైటులో పలాస పప్పు తప్ప అందరూ ఉన్నారన్నమాట.

రేటు రాయరేమని అడిగి చూడండి.

"రాసీస్తే పక్కకొట్టోడు సూసీడేటి బావు?"

పక్కకొట్టాయనకి రేటు తెలియకపోవడమేమిటి! ఇద్దరూ ఈ చుట్టుపక్కల ఉద్దానం రైతుల దగ్గరే జీడిపిక్కలు కొంటారు. చాలనప్పుడు ఆఫ్రికా నుంచి ఓడలో దిగిన పిక్కలకీ ఇద్దరూ ఒకే దళారికి ఫోన్ చేస్తారు. పొద్దున్నే ఒకే టీకొట్టు దగ్గర నిలబడి ఒకే ధర గురించి ఏడుస్తారు. రేటు తెలియనిది కొనేవాడొక్కడికే.

ఇక సరుకుల పేజీ. అందులో డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది. అంతకుమించి ఒక్క ముక్క ఉండదు. పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. 180 రకమైతే 170 నుంచి 180 తూగుతాయి, 320 రకమైతే 300 నుంచి 320 దాకా. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు, ధరా లావు. దొరలు వెళ్లిపోయినా వాళ్ల పౌను మన జీడిపప్పుని వదల్లేదు. ఇదంతా వ్యాపారులకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కడపలో కూర్చున్న ఇల్లాలికి ఎలా తెలుస్తుంది? "ఆ 180 రూపాయలదే రెండు కిలోలు పంపించండి" అంటుంది పాపం. సావుకారు ఫోను పెట్టేసి, "సదువుకున్నోలే, బొత్తిగా లెక్క తెలీదు" అని నిట్టూరుస్తాడు.

ఆవిడ అసలు ఫోనుదాకా రావడమే గొప్ప. నంబరుని బంగారు రంగులో చెక్కినట్టు రాయించి బొమ్మలో కలిపేశారు, వేలితో నొక్కితే పలకదు. కాగితం మీద రాసుకుని కొట్టుకోవాలి. "సంప్రదించండి" అనే ఫారం నింపితే అది ఒక మెయిలుకి వెళ్తుంది. ఆ మెయిలు పాస్‌వర్డు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి తెలుసు. కొడుక్కి అది సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు గుర్తొస్తుంది. ఈలోగా దీపావళికి అడిగినవాళ్లు దీపావళి చేసేసుకుంటారు.

ఇలాంటి సైట్లని బాగుచేసేది విశాఖలో కోర్సు చేసొచ్చి సైటు కట్టిన కుర్రాడు కాదు, కొట్లో ఫోనెత్తే అమ్మాయి. సైటులో ఏం లేదో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. లేనిదంతా రోజూ ఆమే నోటితో చెప్పుకోవాలి. పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో, ఫోన్లో ఎవరేం అడిగారో రాసి పెట్టుకుంటుంది. కుర్రాడు రెన్యువల్ డబ్బుకి వచ్చిన రోజు, "మనవడి ఫొటో కూడా కలిపీ బావు" అని సావుకారు అంటుండగా ఆ పుస్తకం తెచ్చి గల్లాపెట్టె మీద పెడుతుంది.

"ఒక్కలైనా తాతగారి గురించి అడగనేదండి."

"అడగరేటి?"

"రేటెంత అంటన్నారు. గుండా, బద్దా అంటన్నారు. అరకిలో అయినా పంపుతారా, మా ఊరికి ఎన్ని రోజుల్లో వస్తాది, డబ్బులెలా కట్టాల అంటన్నారు. అమెజాన్ తెరిస్తే ఆ బోడిగుండాయన ఫొటో ఎక్కడైనా కనబడతాదాండి?"

సావుకారు కాసేపు ఆలోచిస్తాడు. "ఆడిది మనలాగ తాతలనాటి యాపారం కాదు గదే" అంటాడు గానీ, గొంతులో ముందటి ధీమా ఉండదు.

కొత్త సైటులో సుప్రభాతం ఉండదు. తెరవగానే ఒకే ప్రశ్న: "దేనికి?" కింద పాయసానికి, స్వీటుకి, పెళ్లి వంటకి, కానుకకి అని నాలుగు గడులు. ఏది నొక్కితే దానికి తగ్గ పప్పు, కొట్లో పళ్లెంలోనే పోసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసిన ఫొటోతో వస్తుంది. తేదీతో సహా ఆరోజు రేటు ఉంటుంది. నొక్కితే మోగే నంబరు, వాట్సాప్, యూపీఐ, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు అన్నీ ఫోను తెరలో ఇముడుతాయి. కుర్రాడు చూపిస్తుంటే సావుకారు కళ్లద్దాలు సవరించుకుని, "ఇది నా మాటే గదేటి!" అంటాడు. ఆయన మాటే. గుమ్మం దగ్గర ఇన్నేళ్లుగా అంటున్నదే. సైటు అనేసరికి నోరు కట్టేసుకున్నాడంతే.

పేచీ ఒక్కచోట వస్తుంది. "ఇది ఉద్దానం పిక్కేనా?" అని అడిగేవాళ్లకి ఏం రాయాలి? మార్చి నుంచి మే దాకా మన తోటల పంట, చాలనప్పుడు బయటి పిక్క అని అమ్మాయి రాయిస్తుంది. సావుకారు ఎగిరిపడతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడిచెట్లని వేళ్లతో పెకలించిన సంగతి, మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుందన్న సంగతి కొట్టుకొచ్చినవాళ్లకి ఆయనే చెబుతాడు. చెప్పేదే రాయడానికి ఎందుకు భయమంటే జవాబుండదు. చివరికి "రాసుకోండి" అంటాడు.

బదులుగా ఆయనా ఒక హక్కు సంపాదించుకుంటాడు. పార్సిలు అందినవాళ్లకి స్వయంగా ఫోన్ చేస్తాడు. "అందిందా బావు? పప్పెలాగున్నాది?" అని మొదలెట్టి, తాతగారు తలమీద గంపతో పిక్కలమ్మిన రోజుల్లోకి దిగి, అరగంటకి గానీ పైకి రాడు. ఫోను పెట్టేసినవాళ్లు లేరు. సుప్రభాతానికి పారిపోయిన హైదరాబాదాయన కూడా ఊఁ కొడుతూ వింటాడు, మధ్యమధ్య కరకరమని నముల్తూ.