స్పోర్ట్స్ కోటా వాక్యం: సటీకా తాత్పర్యం

మూలం

“సార్, మా అమ్మాయి డాన్సు స్పోర్ట్స్ కోటాలోకి వస్తుందాండీ?”

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం తెలుసు: ఏటా ఇంటరు ఫలితాలు వచ్చిన తర్వాత, కౌన్సెలింగ్ ముగిసేలోపు. స్థలం, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ జరిగే ఏ హాలైనా కావచ్చు. కవి చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు ఉంటుంది. అందులో అరంగేట్రం ఫోటో, షీల్డులు పట్టుకుని దిగిన ఫోటోలు, గురువుగారు సంతకం చేసిన ప్రశంసాపత్రం ఉంటాయి. అమ్మాయి రెండడుగుల వెనక నిలబడి ఫోను చూసుకుంటూ ఉంటుంది. ఈ రచనలో తనకు భాగం లేదని ఆ నిలబడడంలోనే సూచన.

నాట్యం కళా, క్రీడా అన్న విచారానికి పండితులకైతే గ్రంథాలు కావాలి. ఈ కవికి ఏడు మాటలు సరిపోయాయి. ఏడే గనుక దీన్ని సప్తపది అనేవారూ ఉన్నారు. పెళ్లి ఖర్చునూ సీటు ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూసినవారు ఆ పేరు పెట్టి ఉంటారు. ఇంతటి వాక్యానికి ఇంతవరకూ వ్యాఖ్య లేని లోటు తీర్చడానికి ‘కోటాకౌముది’ అనే ఈ టీకకు పూనుకున్నాం.

ప్రతిపదార్థం

సార్ = ఓ కౌంటరు అధిపతీ!

మా = నాకూ, నా భార్యకూ, ఫీజులకు చేబదులిచ్చిన బావమరిదికీ చెందిన. “మన అమ్మాయి” అనలేదు. గుమాస్తాను బంధువర్గంలో కలుపుకునే చనువు ఇంకా రాలేదని భావం.

అమ్మాయి = చిన్నప్పుడే గజ్జె కట్టినదీ, ర్యాంకు అంతంతమాత్రమైనదీ అయిన కుమార్తె. (ర్యాంకు బాగా వచ్చి ఉంటే ఈ వాక్యమే పుట్టదు.)

డాన్సు = కూచిపూడి. గురువుగారి ఎదుట ఇదే కవి “నాట్యం” అంటాడు. ఇక్కడ ఆ మాట వాడితే కల్చరల్ అని పక్కకు తోసేస్తారని భయం.

స్పోర్ట్స్ కోటాలోకి = ఆటగాళ్ల కోసం అట్టిపెట్టిన సీట్లలోనికి.

వస్తుందా = చేరునా?

అండీ = మర్యాదార్థకం. మొదట్లోనే “సార్” ఉంది కదా, మళ్లీ “అండీ” పునరుక్తి కాదా అంటే, కాదు. ఒంటిగంట కావస్తూ, లోపల ఎవరో క్యారేజీ మూత తీసిన చప్పుడు వినిపించేటప్పుడు, గౌరవం ఎన్నిసార్లు చెప్పినా దోషం లేదు.

అన్వయం

చిక్కంతా ఇక్కడ ఉంది. “వస్తుందా” అన్న క్రియకు కర్త ఎవరు? తెలుగులో ఆడపిల్లకూ, డాన్సుకూ, ఆర్టీసీ బస్సుకూ ఒకటే క్రియారూపం. అబ్బాయి అయితే “వస్తాడా” అని తేలిపోయేది. అమ్మాయి కాబట్టి రెండు అన్వయాలు పుట్టాయి.

మా అమ్మాయి యొక్క డాన్సు కోటాలోకి వస్తుందా, అంటే నాట్యం క్రీడ అవుతుందా అన్నది ఒకటి. ఇది మీమాంసకుల అన్వయం. డాన్సు నేర్చిన పుణ్యాన మా అమ్మాయి కోటాలోకి వస్తుందా అన్నది రెండోది. ఇది తండ్రుల అన్వయం. ఇందులో అమ్మాయి లోపలికి వస్తే చాలు, డాన్సు వరండాలో కూర్చున్నా కవికి అభ్యంతరం లేదు. కవి హృదయం రెండోదే. కాని మొదటిది తేలకుండా గుమాస్తా కలం కదలదు గనుక ముందు దాన్నే విచారిస్తాం.

పూర్వపక్షం

“చెమట పట్టేది క్రీడ” అని కొందరి లక్షణం. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు మోపి, తల మీద నీళ్ల చెంబు పెట్టుకుని, తాళం తప్పకుండా పళ్లేన్ని ముందుకీ వెనక్కీ నడిపిస్తుంది. పక్కవాద్యాల వాళ్లకు కూడా చెమట పడుతుంది. కనుక క్రీడ అంటారు. ఈ లక్షణం నిలవదు. పెళ్లివంట చేసేవాళ్లకు దీన్ని అన్వయిస్తే అతివ్యాప్తి. చదరంగానికి అన్వయిస్తే అవ్యాప్తి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ చదరంగాన్ని 1999లో క్రీడగా గుర్తించింది. మన కోనేరు హంపికి 2003లో అర్జున అవార్డు ఇచ్చింది కుర్చీలో కూర్చుని ఆడిన ఆటకే.

“స్టేడియంలో జరిగేది క్రీడ” అని మరికొందరు. 2010 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మంది దాకా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్‌కెక్కారు. ఆ రోజు లెక్కపెట్టింది తలకాయలను. అభినయం లెక్కకు రాలేదు. దీని గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

“పోటీ ఉన్నది క్రీడ” అన్నది మూడో లక్షణం. ఇది బలమైనది. ఎందుకంటే భరతుడే దీనికి సాక్ష్యం ఇస్తున్నాడు. నాట్యశాస్త్రంలో సిద్ధుల అధ్యాయం తీస్తే ప్రదర్శకుల మధ్య పంతాలున్నాయి, తప్పులు లెక్కించడం ఉంది, గెలిచినవాడికి పతాక ఉంది. తీర్పు చెప్పే ప్రాశ్నికులు పది రకాలవాళ్లు: యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వైయాకరణుడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఎవరికి తెలిసిన విషయంలో వారే తీర్పరి. ఈ ఏర్పాటులోని తెలివి తర్వాతివాళ్లకు అబ్బలేదు. ఇప్పుడు టీవీ డాన్సు షోలలో ఒకే సినిమా హీరోయిను పదిమంది పనీ చేస్తోంది.

అయితే పోటీ పెట్టగానే ఏమవుతుందో కాళిదాసు చూపించాడు. ‘మాళవికాగ్నిమిత్రం’లో గణదాసుడు, హరదత్తుడు అని ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు గొప్పో తేల్చమని కాట్లాడుకుంటూ రాజు దగ్గరికి వస్తారు. పండిత కౌశికి న్యాయనిర్ణేత. శిష్యులతో ఆడించి చూద్దామంటారు. మాళవిక ఆడుతుంది. ఇక హరదత్తుడి వంతు అనగా మధ్యాహ్నమైంది, భోజనాల వేళ దాటుతోందని విదూషకుడు లేస్తాడు. సభ ముగుస్తుంది. హరదత్తుడి వంతు వాయిదా. అసలు సంగతి ఏమిటంటే, రాజుగారికి ఏ ఆచార్యుడు గొప్పో అక్కర్లేదు. మాళవికను కళ్లారా చూడాలి, అందుకే ఈ పోటీ. పోటీ ఒకరి పేర, పని ఇంకొకరిది.

ఈ సూత్రం కాళిదాసుతో ఆగలేదు. కేరళలో 1957 నుంచి జరుగుతున్న పాఠశాల కళోత్సవాన్ని చూడండి. మోహినీఆట్టం, భరతనాట్యం, మనవాళ్లు మురిసిపోయేలా కూచిపూడి కూడా పోటీ అంశాలే. గెలిచిన జిల్లాకు 117 సవర్ల బంగారు కప్పు. ఎ గ్రేడు తెచ్చుకున్న పిల్లలకు పరీక్షల్లో గ్రేసు మార్కులు. తీర్పు నచ్చని తల్లిదండ్రులు అప్పీళ్లు వేస్తారు, కోర్టుల దాకా వెళతారు. కళాతిలకం, కళాప్రతిభ అన్న బిరుదుల కోసం తగువులు ముదిరి చివరికి ఆ బిరుదులే ఎత్తేశారు. గ్రేసు మార్కులు మాత్రం అంత తేలిగ్గా ఎత్తేయగలిగినవి కావు.

పారిస్ సంగతీ ఇంతే. 2024 ఆగస్టు 9, 10 తేదీల్లో ప్లాస్ ద లా కాంకార్డ్‌లో బ్రేకింగ్ అనే నాట్యం తొలిసారి ఒలింపిక్ క్రీడ అయింది. న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో, 1970లలో, నల్లజాతి, ప్యూర్టోరికన్ కుర్రకారు పార్టీల్లో పుట్టిన నాట్యం అది. కుర్రప్రేక్షకులు టీవీ కట్టేసి వెళ్లిపోతున్నారని ఒలింపిక్ పెద్దలకు బెంగ. ఆ బెంగకు మందుగా దీన్ని తెచ్చారు. తొమ్మిదిమంది జడ్జీలు కూర్చున్నారు. భరతుడి జాబితాకు ఒకటి తక్కువ. టెక్నిక్, పదజాలం, నిర్వహణ, సంగీతంతో పొందిక, కొత్తదనం అని అయిదు కొలతలు పెట్టారు. ఏ పాట వస్తుందో ఆడేవాళ్లకు ముందు తెలియదు, డీజే ఏది వేస్తే దానికి ఆడాలి. జపాన్‌కు చెందిన ఆమీ, కెనడాకు చెందిన ఫిల్ విజార్డ్ గెలిచారు. లోకం వాళ్లను గుర్తుపెట్టుకోలేదు. బ్రేకింగ్ మీదే డాక్టరేటు చేసిన ఆస్ట్రేలియా అధ్యాపకురాలు రేచల్ గన్ కంగారూలా గెంతి, మూడు పోటీల్లోనూ 18–0 తేడాతో ఓడింది. జనం ఇంకా ఆమె గురించే మాట్లాడుకుంటున్నారు. శరణార్థుల జట్టులోని అఫ్ఘాన్ యువతి మనీజా తలాష్ తన దేశపు స్త్రీలకు స్వేచ్ఛ కోరుతూ వస్త్రం మీద మాటలు రాసుకుని ఆడింది. అనర్హురాలన్నారు. నర్తకి ఏదో చెప్పదలచుకుంటే కళ అంటారు. అదే పని క్రీడలో చేస్తే నిబంధనల ఉల్లంఘన.

ఇందులో మనకు దగ్గరి ముక్క ఒకటుంది. లాస్ ఏంజెలెస్ 2028కి కొత్త ఆటల జాబితా ఖరారైంది మన ముంబయిలో, 2023 అక్టోబరులో. అందులో క్రికెట్ చేరింది, బ్రేకింగ్ లేదు. అంటే పారిస్‌లో తొలి అడుగు వేసే పది నెలల ముందే దానికి సెలవు చీటీ రాసేశారు.

పారిస్ ఆటలు జరుగుతున్న రోజుల్లోనే, ఆగస్టు 3న, మదనపల్లెలో పుట్టిన నర్తకి యామినీ కృష్ణమూర్తి ఢిల్లీలో పోయారు. ఆమె సత్యభామను చూసిన పెద్దలు నడక గురించి చెబుతారు, కంటి విసురు గురించి చెబుతారు. ఎవరిని ఎంత తేడాతో ఓడించిందో ఎవరూ చెప్పరు. ఇది వాదన కాదు, వ్యాఖ్యాత పక్షపాతం. ఒప్పుకుంటున్నాం.

సిద్ధాంతం

కబడ్డీలో కూతకు వెళ్లినవాడు అవతలివాణ్ణి తాకి, ఊపిరి తెగకుండా వచ్చి గీత తాకితే చాలు. మొహం వికారంగా పెట్టాడా, చొక్కా చిరిగిందా, పాకాడా, దొర్లాడా అన్న ప్రశ్న లేదు. పాయింటు పాయింటే. ఎలా చేసినా సరే, అయితే చాలు అనగలిగినది క్రీడ. నాట్యంలో ‘అయితే చాలు’ అనదగ్గ చోటు ఎక్కడా లేదు. ముక్కుపుడక ఇస్తానన్న సత్యభామ దాన్ని ఇచ్చేసి లోపలికి పోతే భామాకలాపం లేదు. ఇవ్వడంలోని బెట్టు అంతా ఎలా అన్నదాంట్లోనే ఉంది. కాబట్టి నాట్యం కళే. ఒంటిబలం కావలసినంత మాత్రాన క్రీడ కాదు. కాకతి గణపతిదేవుని గజసేనాని జాయప 1253 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. యుద్ధంలో గెలుపోటములు వృత్తిగా తెలిసిన మనిషి. ఎనిమిది అధ్యాయాల్లో మార్గమూ దేశీ వర్ణించాడు, కోలాటాన్నీ వదల్లేదు. గజసేనాని చేత కూడా నాట్యం యుద్ధమనిపించుకోలేదు.

శంక: మరి మంచు మీద చేసే ఐస్ డాన్స్ 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది కదా?

సమాధానం: ఉంది. దాని కథ వినదగ్గది. 1984లో సారయెవోలో జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్ అనే ఇంగ్లీషు జంట రావెల్ ‘బొలేరో’కు ఆడింది. నిబంధన ప్రకారం ప్రదర్శన నాలుగు నిమిషాల పది సెకన్లు మించకూడదు. ఆ సంగీతాన్ని ఎంత కుదించినా నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లకు తక్కువ కాలేదు. ఇంకా కోస్తే ప్రాణం పోతుంది. నిబంధనల పుస్తకం తిరగేశారు. స్కేటు బ్లేడు మంచుకు తగిలినప్పుడే గడియారం మొదలవుతుందని ఉంది. అంతే, ఇద్దరూ మంచు మీద మోకాళ్లూని, పాదాలు కింద పెట్టకుండా పైశరీరంతోనే నాట్యం ఆరంభించారు. పద్దెనిమిది సెకన్లు కలిసొచ్చాయి. గడియారం దృష్టిలో వాళ్లింకా ఆట మొదలుపెట్టలేదు. చూసినవాళ్ల మనసులో మిగిలింది మాత్రం ముఖ్యంగా ఆ మోకాళ్ల మీది ఊగిసలాటే. కళాంశానికి తొమ్మిదిమంది జడ్జీలూ పూర్తి మార్కులు, ఆరుకు ఆరు, ఇచ్చారు. క్రీడ లెక్కపెట్టని భాగంలో కళ దూరింది. ఆ జంట మీద మాకు అపారమైన గౌరవం. మన రెవెన్యూ ఆఫీసుల్లో పుట్టాల్సినవాళ్లు.

దీనికి రెండో వైపూ ఉంది. 2002లో సాల్ట్ లేక్ సిటీలో జంటల ఫిగర్ స్కేటింగ్‌లో ఫ్రెంచి జడ్జి మీద ఒత్తిడి వచ్చిందని గగ్గోలు లేచి, చివరకు రెండు జంటలకు రెండు బంగారు పతకాలిచ్చారు. పాత ఆరు మార్కుల పద్ధతిని తర్వాత ఎత్తేశారు. ఎలా అన్నదానికి అంకె వేయబోతే, ఆటగాళ్ల బదులు జడ్జీలు ఆడడం మొదలుపెడతారు.

తాత్పర్యం

ఓ కౌంటరు అధిపతీ, నా కూతురు ఏళ్ల తరబడి పొద్దున్నే లేచి అడుగులు వేసింది. మోకాళ్లు నొప్పెడితే వాళ్లమ్మ కాపడం పెట్టింది. నట్టువాంగం కర్ర చప్పుడుకు కింది వాటా వాళ్లు తగువుకొచ్చారు. అద్దె నగలకు, మేకప్పుకు, ఆడిటోరియానికి, మృదంగం వాయించినాయనకు నేను కట్టిన డబ్బు ఒక సెమిస్టరు ఫీజుకు తక్కువ కాదు. ఈ కష్టమంతా మీ పుస్తకంలో ఏదో ఒక గడిలో పడితే బావుండును. ఏ గడి అయినా సరే. కళా, క్రీడా అన్నది మీరే తేల్చుకోండి, నేను రెండింటికీ సంతకం పెడతాను.

దీన్ని చదివి నవ్వేవాళ్లున్నారు. మేము నవ్వలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో నాట్యానికి వేరే కోటా ఉంది. ఆటలకు వేరు, కళలకు వేరు. అలాంటి గడి ఇక్కడా ఒకటుంటే ఈ వాక్యం పుట్టేదే కాదు, కవి బతిమాలేవాడూ కాదు. కళను క్రీడ అనడం అబద్ధమే, కాని ఆ అబద్ధం ఆడించింది ఫారంలో గడి లేకపోవడం.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో “అమ్మాయి” బదులు “అబ్బాయి” అనీ, “డాన్సు” బదులు “కరాటే” అనీ ఉంది. అది వేరే కవి. కరాటేకు బెల్టులున్నాయి, రంగులున్నాయి, గుమాస్తాకు చూడగానే అర్థమవుతుంది.

ఉత్తరార్ధం

చాలామంది వ్యాఖ్యాతలు పూర్వార్ధంతో ఆపేస్తారు. గుమాస్తా పలికిన ఉత్తరార్ధం ఇది:

“డాన్సు లిస్టులో లేదండీ. అమ్మాయి యోగా ఏమైనా చేసిందా?”

డాన్సు లిస్టులో లేదు = మీమాంసకుల అన్వయానికి జవాబు. అండీ = మర్యాద తిరిగి చెల్లించుట. అమ్మాయి యోగా ఏమైనా చేసిందా = తండ్రుల అన్వయానికి జవాబు. గుమాస్తా రెండు అన్వయాలనూ గ్రహించిన రసజ్ఞుడు. కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించింది. ఒంటికాలి మీద కదలకుండా, ముఖంలో ఏ భావమూ లేకుండా నిలబడితే క్రీడ. అదే ఒంటికాలి మీద, నటరాజ భంగిమలో, కళ్లతో కథ చెబుతూ నిలబడితే లిస్టులో లేదు. అభినయం తీసేస్తే అర్హత వస్తుందన్నమాట.

కవి వెనక్కి తిరిగి కూతురి వైపు చూశాడు. ఆమె ఫోనులోంచి తల ఎత్తి “స్కూల్లో సూర్యనమస్కారాలు చేయించారు” అంది.

“సర్టిఫికెట్ ఉందా?” = ఇది గుమాస్తాది. టీక అక్కర్లేదు.

“నెక్స్ట్!” = ఇదీ ఆయనదే.