హిరణ్యకశిపుడి సెట్టింగులు

సెట్టింగులు పెట్టుకోవడంలో హిరణ్యకశిపుణ్ని మించినవాడు ఇంతవరకు పుట్టలేదు. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. మనిషి చేతిలో కాదు, మృగం చేతిలో కాదు. ఒక్కో గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయి, చివర్న 'సేవ్' నొక్కి, బ్రహ్మ చేత తథాస్తు అనిపించుకుని నిశ్చింతగా కూర్చున్నాడు. సంధ్యవేళ, గడప, తొడ అనే మూడు గడులు ఆ ఫారంలో లేవన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆయన్ని చంపడానికి నరసింహుడు చీల్చుకొచ్చిన స్తంభం ఇదేనంటూ ఎగువ అహోబిలంలో చీలి నిలబడ్డ కొండను ఇప్పటికీ చూపిస్తారు. ఉక్కు స్తంభం అంటారు దాన్ని.

ఆ అహోబిలం పేరు మీద వెబ్ పేజీలు కట్టేవాళ్లంతా ప్రహ్లాదుడి భక్తులమనుకుంటారు గానీ, అసలు శిష్యరికం ఆ ప్రహ్లాదుడి నాన్న హిరణ్యకశిపుడి దగ్గరే. కంప్యూటర్లో ఎట్లుందో చూసుకుంటారు, ఫోన్లో ఎట్లుందో చూసుకుంటారు. రెండింటికీ మధ్య టాబ్లెట్ అనే గడప ఒకటుంది. ఎలిమెంటార్ లాంటి పేజీ బిల్డర్‌లో మనం మార్చకపోతే 767 పిక్సెళ్ల దాకా ఫోను, అక్కణ్నుంచి 1024 దాకా టాబ్లెట్. పేజీ చీలేది సరిగ్గా ఆ గడప మీదే. అహోబిలంలో కొలువైన నవ నారసింహులను వరసకు ముగ్గురేసి పేరిస్తే పెద్ద తెర మీద ముచ్చటగా కుదురుతారు. టాబ్లెట్ దగ్గరికొచ్చేసరికి వరసకు ఇద్దరవుతారు, తొమ్మిదో స్వామి అడుగున ఒంటరిగా మిగిలిపోతాడు. ఆ స్థానం ఎక్కువగా పావన నరసింహుడికే దక్కుతుంది. తొమ్మిదిమందిలో అడవి లోపల, అందరికీ దూరంగా ఉండేదీ ఆయనే కాబట్టి, దీన్ని పొరపాటంటే పాపం తగులుతుందేమో!

విజువల్ ఎడిటర్ అనే వస్తువు మీద నాకు కోపమేమీ లేదు. కోడు రాయక్కర్లేదు, బొమ్మను లాగి వదిలితే చాలు, నీ తెర మీద కనబడేదే లోకానికీ కనబడుతుంది అని అది మాట ఇచ్చింది. 1996లో మైక్రోసాఫ్ట్ కొన్న ఫ్రంట్‌పేజ్ ఇచ్చిన మాటా అదే, మరుసటేడు వచ్చిన డ్రీమ్‌వీవర్ ఇచ్చిన మాటా అదే. వర్డ్‌ప్రెస్ 2018 డిసెంబరులో బ్లాకుల ఎడిటర్ తెచ్చి ఆ మాటనే ఇంకోసారి ఇచ్చింది. మాట ఇచ్చినవాళ్లది తప్పు కాదు. లోకమంతా తన కంప్యూటర్ తెరంతే ఉంటుందని నమ్మినవాడిదే తప్పు.

ఈ పేజీలు ఎట్లా పుడతాయో చూద్దాం. ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో ఒక ట్రావెల్స్ ఆయన. ఆయన కింద డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న బావమరిది స్నేహితుడు. ఇద్దరి ముందూ ఒక ల్యాప్‌టాప్.

"మంటలు యాడప్పా?"

"ఏం మంటలన్నా?"

"జ్వాలా నరసింహస్వామి గదరా! మంటలు రావల్ల. పేజీ తెరిస్తానే భగ్గుమనల్ల."

"పేజీ నిదానమైతాదన్నా."

"కొండ ఎక్కేటోళ్లకు నిదానమే మంచిది. పెట్టు."

మంటలు పెట్టాడు. తర్వాత అంకెలు కదలాలన్నాడు ఆయన. కదిలాయి. 'నరసింహ క్షేత్రాలు' అనే మాట పక్కన సున్నా నుంచి తొమ్మిది దాకా, 'దివ్యదేశాలు' పక్కన సున్నా నుంచి నూటెనిమిది దాకా అంకెలు పరుగులు తీస్తాయి. పేజీ వేగంగా కిందికి జరిపినవాడికి అహోబిలంలో నాలుగు నరసింహ క్షేత్రాలే, లోకంలో 51 దివ్యదేశాలే కనబడతాయి. ఆళ్వారులు ఎన్ని జన్మలెత్తి పాడారో తెలియదు గానీ, ఈ లెక్క మాత్రం ప్రతి భక్తుడికీ సున్నా నుంచే మొదలవుతుంది.

ఇక టెంప్లేటు. ఉచితంగా దొరికింది ఏదో పిజ్జా హోటలుది. కుర్రాడు బొమ్మలు మార్చాడు, రంగులు మార్చాడు, ఓపిక ఉన్నంతమేర మాటలూ మార్చాడు. అందుకే దిగువ అహోబిలం ప్రహ్లాద వరద స్వామి ఫోటో కింద 'టేబుల్ బుక్ చేసుకోండి' అనే బటన్ ఇంకా ఎర్రగా మెరుస్తోంది. 'మా బృందం' అనే విభాగంలో గుండ్రటి చట్రాల్లో నవ నారసింహులు కొలువుదీరారు. మాలోల నరసింహుడి కింద ట్విటర్ పిట్ట బొమ్మ ఉంది, నొక్కితే ఎక్కడికీ పోదు. అడుగున 'మా గురించి కస్టమర్లు ఏమంటున్నారు' అని ఒక తెల్లదొర నవ్వుతున్నాడు. ఆయన ఏమంటున్నాడో లాటిన్‌లో ఉంది.

ఇదంతా ఒక ఎత్తు. తెలుగు ఒక్కటీ ఒక ఎత్తు.

స్థలపురాణం కరపత్రం కోసం ఎప్పుడో డీటీపీ చేయించిన ఫైలు ఉంది, అనూ ఫాంటుతో. దాన్ని కాపీ చేసి ఎడిటర్లో పేస్ట్ చేస్తే నరసింహుడు ప్రత్యక్షం కాడు. డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలు బారులు తీరతాయి. ఎందుకంటే ఆ ఫైల్లో తెలుగు ఏనాడూ లేదు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు వేషం కట్టించిన ఫాంటు ఉంది, అంతే. ఫాంటు తీస్తే వేషం ఊడుతుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి, మార్చి ఒకసారి చదువుకుని దిద్దుకుంటే సాయంత్రానికి పని అయిపోతుంది. కానీ కుర్రాడికి అంతకంటే దగ్గరి దారి దొరికింది: కరపత్రాన్ని ఫోటో తీసి పెట్టేశాడు. స్థలపురాణం మొత్తం ఒక్క బొమ్మ. నల్లమల అంచున సిగ్నలు ఒక గీత ఉన్నచోట అది తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. గూగుల్ దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం. చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అక్కడికి రాగానే 'ఇమేజ్' అని ఒక్క మాట అని ముందుకు వెళ్లిపోతుంది. ఎర్రన నృసింహపురాణం రాసి అహోబిల మహిమ చెప్పి ఆరేడు వందల ఏళ్లయింది. ఇన్నేళ్ల ప్రగతి తర్వాత ఆ మహిమ 'ఇమేజ్' దగ్గర ఆగింది.

కష్టపడి తెలుగులోనే టైపు చేసినవాళ్లకూ ఎడిటర్ ఒక పరీక్ష పెడుతుంది. వరసల మధ్య దూరం ఇంగ్లీషు కొలతకు కుట్టి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలకు నెత్తిన గుళ్లు లేవు, కాళ్ల కింద ఒత్తులు లేవు. పై వరసలో 'లక్ష్మీ' కింద రెండంతస్తులుగా వేలాడే ఒత్తులు కింది వరసలో 'నరసింహ' నెత్తి మీది గుడిని పోయి గుద్దుతాయి. దేవీదేవుళ్ల మధ్య ఈ తోపులాటకు కారణం ఒకే ఒక గడి. అక్కడ 1.2 అని ఉన్నది 1.7 చేస్తే ఇద్దరూ ప్రశాంతంగా ఉంటారు. కానీ ఆ గడి లోపలెక్కడో ఇంకో తలుపు వెనకాల ఉంది, మంటల గడి మాత్రం ముందు వాకిట్లోనే ఉంది. పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దది చేసే మీట ఇంకొకటి ఉంటుంది. 'శ్రీ'తో మొదలయ్యే పేరాకు అది పెట్టి చూడండి, కొన్ని బ్రౌజర్లలో పొల్లు శకారం ఒక్కటే ఏనుగంతై, 'రీ' దాని తోక పట్టుకుని వేలాడుతుంది. శ్రీకారం చుట్టడం అంటే ఇదేనేమో!

ఫాంటుల జాబితాలో ధూర్జటి, పెద్దన, తిమ్మన పేర్లతో తెలుగు అక్షరాలు ఉచితంగా ఉన్నాయి. కృష్ణదేవరాయలు స్వయంగా అహోబిలం వచ్చి స్వామికి నగలిచ్చి శాసనం వేయించుకున్నాడు. ఆయన కాలపు కవులు ఇవాళ గూగుల్ ఖర్చుతో మళ్లీ ఆ కొండకు రావడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. కుర్రాడు మాత్రం జాబితాలో మొదటి తెరలోనే కనబడ్డ ఒక ఇంగ్లీషు ఫాంటు ఎంచుకున్నాడు. అందులో ఒక్క తెలుగక్షరమూ లేదు, కాబట్టి ఎవరి యంత్రంలో ఏ తెలుగు ఉంటే అది దిగుతుంది. తన తెర మీద కనబడేదే లోకానికీ కనబడుతుందన్న మాట అక్కడ గంగలో, కాదు, అహోబిలంలో పారే భవనాశిలో కలిసింది.

అడుగున చిరునామా: 'అహోబిలం, కర్నూలు జిల్లా'. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి అహోబిలం అందులోకి వెళ్లింది. కలెక్టరు మారాడు, బోర్డులు మారాయి, ఈ పేజీ మారలేదు. బద్ధకం అనుకోకండి, ఆ అడుగు భాగం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పేజీ తెరిస్తే కనబడుతుంది, ఎడిటర్ తెరిస్తే మాయమైపోతుంది. థీమ్ లోపల, ఇంకో మెనూలో, ఇంకో పేరుతో దాక్కుని ఉంది. దాన్ని వెతుకుతూ పోయి కుర్రాడు ఒకసారి ఏదో పాత ప్లగిన్ పనికిరానిదనుకుని ఆపేశాడు. పేజీల నిండా చదరపు బ్రాకెట్లు మొలిచాయి. 'నాకేం తెలీదన్నా, వైరస్సు' అన్నాడు.

ఇక అధికారం ఎవరిది అనే ప్రశ్న. అహోబిలం గుడి విషయంలో దీన్ని తేల్చడానికి పెద్ద కోర్టులే కూర్చోవాల్సొచ్చింది. మఠం చేతిలో ఉన్న ఈ గుడికి కార్యనిర్వహణాధికారిని పెట్టే హక్కు ప్రభుత్వానికి లేదని 2022 అక్టోబరులో హైకోర్టు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కదిలించడానికి ఒప్పుకోలేదు. అంత స్పష్టత! వర్డ్‌ప్రెస్ కూడా ఈ విషయంలో పాపం జాగ్రత్తగానే ఉంటుంది: అడ్మినిస్ట్రేటరు, ఎడిటరు, ఆథరు, కంట్రిబ్యూటరు, సబ్‌స్క్రయిబరు అని ఐదు మెట్లు కట్టి, ఎవరు ఎంతవరకు ఎక్కొచ్చో రాసిపెట్టింది. మన ట్రావెల్స్ ఆయన ఉదారుడు. అందరినీ పైమెట్టు మీదే కూర్చోబెట్టాడు. ఆయన, బావమరిది, బావమరిది స్నేహితుడు, లాడ్జీ గుమాస్తా, అందరూ అడ్మిన్లే. పాస్‌వర్డు ఆయన ఫోను నంబరు. ఆ ఫోను నంబరు జీపు వెనకాల రాసి ఉంది. కొన్నాళ్లకు కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. డొమైన్ అతని ఈమెయిలు మీద ఉంది, ఆ ఈమెయిలు అతను చూడడు. గడువు తీరిపోయాక ఒకరోజు 'అహోబిల దర్శనం' నొక్కినవాడికి రమ్మీ ఆట తెరుచుకుంటుంది.

ఇంత కట్టింది ఎవరికోసం? వచ్చేవాడికి కావలసింది నాలుగు సంగతులు. దిగువ గుడి ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు? ఎనిమిది కిలోమీటర్ల పైన ఎగువ గుడికి ఆఖరి బండి ఎప్పుడు? వాన పడితే జ్వాలా నరసింహుడి దారి నడవనిస్తారా? పావనానికి జీపు పోతుందా, అటవీశాఖ వాళ్లు ఇవాళ వదిలారా? ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దంలో ఈ కొండకు మెట్లు కట్టించాడు. వచ్చేవాడి కాలు ఎక్కడ జారుతుందో ఆలోచించినవాడే మెట్లు కట్టిస్తాడు. మనవాళ్లు మెట్లున్న సంగతి కూడా రాయలేదు. రాయడానికి చోటు లేదు, అక్కడ మంటలున్నాయి.

పైగా పేజీ తెరవగానే 'మా న్యూస్‌లెటర్ తీసుకోండి' అని అడ్డంగా ఒక పలక. అహోబిలేశుడు పార్వేటకు కనుమనాడు బయల్దేరి, నలభై రోజులకు పైగా ఊరూరూ తిరిగి, చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలుచుకుంటాడు. ఏ ఇంటి ముందూ ఈమెయిలు అడగలేదు. ఈ పలక మూసే గుర్తేమో ఫోను తెర బయటికి పోయింది. డెస్క్‌టాప్‌లో బాగానే ఉందట.

చివరికి ట్రావెల్స్ ఆయనకే అనుమానం వచ్చింది. ఇంత అందమైన పేజీ పెట్టినా ఫోన్లు ఎందుకు రావడం లేదని బెంగళూరుకు ఫోను కొట్టాడు.

"నంబరు పెట్టినావా లేదా రా?"

"పెట్టినానన్నా. పెద్దగా, ఎర్రగా, మంటల మధ్యలో."

పెట్టాడు, నిజమే. బొమ్మలో పెట్టాడు. వేలితో ఎన్నిసార్లు నొక్కినా కాల్ పోదు, కాపీ కూడా కాదు. ఎగువ బస్టాండులో ఒకాయన ఆ నంబరును భార్య చేత చదివించుకుంటూ పెన్నుతో అరచేతి మీద రాసుకుంటున్నాడు. ఏడో అంకె దగ్గర స్లైడు మారిపోయింది.