లీజన్ ఎక్కడ?

లండన్ ఈస్ట్ హామ్‌లో మనవాళ్లు కలిసి అద్దెకుండే ఏ ఇంటి తలుపు తట్టినా లోపల డేటా సైన్సు ఒకడు, బిజినెస్ ఎనలిటిక్స్ ఇద్దరు తప్పకుండా దొరుకుతారు. ఎక్కడో ఒక ఇంట్లో మాత్రం, అన్నిటికంటే చిన్నగదిలో, తలగడ పక్కన ప్లాస్టిక్ మెదడు బొమ్మ పెట్టుకుని ఇంకొకడుంటాడు. గుంటూరులో బీఫార్మసీ చేసొచ్చి, ఇక్కడ క్లినికల్ న్యూరోసైన్స్‌లో ఎమ్మెస్సీ చదువుతుంటాడు. పేరేదైతేనేం, మనవాడు అందాం.

మనవాడు మనుషుల మొహాలు చూడడు, నడక చూస్తాడు. చేతుల ఊపు రెండువైపులా సమానంగా ఉందా, వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు వేస్తున్నారు, ఇవీ వాడికి కావలసినవి. ఇండియన్ స్టోర్స్ అంకుల్ చెయ్యి కాస్త వణికితే, ఆ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పటిదా, పని చేస్తున్నప్పటిదా అని తేలేదాకా చిల్లర అందుకోడు. అదేం పద్ధతిరా అంటే జేమ్స్ పార్కిన్సన్‌ని అడ్డం పెట్టుకుంటాడు. ఇదే ఊళ్లో, హాక్స్‌టన్‌లో ఉండే ఆ వైద్యుడు 1817లో వణుకు జబ్బు మీద రాసిన వ్యాసంలో ఉన్నది ఆరుగురు రోగులు. అందులో కొందరు ఆయనకి వీధిలో తారసపడ్డవాళ్లే. కాబట్టి వీధిలో జనం కాళ్లకేసి చూడడం శాస్త్రసమ్మతం.

పొద్దున్నే రైలెక్కి రసెల్ స్క్వేర్ దాకా వెళ్లి, అక్కణ్ణించి క్వీన్ స్క్వేర్ మీదుగా నడుస్తాడు. క్లాసుకి అది దగ్గరదారేమీ కాదు. 1859లో పెట్టిన నరాల ఆసుపత్రి అక్కడుంది. మూర్ఛ వచ్చినప్పుడు అది వేలి నుంచి చేతికి, చేతి నుంచి మొహానికి వరసగా పాకడం చూసి, మెదడులో శరీరం పటం ఒకటి ఉండి తీరాలని పసిగట్టిన హ్యూలింగ్స్ జాక్సన్ అక్కడే పనిచేశాడు. ఆ గాలి పీలిస్తే చాలని మనవాడి నమ్మకం. మనవాళ్లు తిరపతి వెళ్లినా ఇంత నిష్ఠగా వెళ్లరు.

ఆ చదువులో మొదటి ప్రశ్న ఒకటే: లీజన్ ఎక్కడ? దెబ్బతిన్నది మెదడులోనా, వెన్నుపాములోనా, నరంలోనా? జబ్బేమిటన్నది ఆ తర్వాతి సంగతి. 1971లో వింబుల్డన్ దగ్గరి ఒక ఆసుపత్రిలో మొట్టమొదటి సీటీ స్కాన్ తీసేదాకా, మెదడులోకి తొంగిచూసే దారి సరిగా లేని కాలంలో, సుత్తీ గుండుసూదీ పట్టుకుని ఈ ప్రశ్నకి జవాబు చెప్పిన వైద్యులు నిజంగా గొప్పవాళ్లు. నాకా విషయంలో సందేహం లేదు. నా ఫిర్యాదల్లా మనవాడు ఆ ప్రశ్నని బాయిలర్ దాకా తీసుకురావడం మీదే.

జనవరిలో ఒకరోజు స్నానాలగదిలో వేడినీళ్లు ఆగిపోయాయి. మిగతావాళ్లు ఓనర్‌ని తిట్టుకుంటుంటే మనవాడు కుళాయిలన్నీ తిప్పి చూశాడు. "వంటింట్లో వేడిగా వస్తున్నాయి, పైన రావట్లేదు. కాబట్టి బాయిలర్ నార్మల్. పైపు చీలిన చోటు దాటాకే లీజన్" అని తేల్చాడు. నాలుగురోజుల తర్వాత వచ్చిన ప్లంబరు సరిగ్గా అక్కడే విప్పాడు. ఆ నాలుగురోజులూ అందరూ చన్నీళ్లే పోసుకున్నారు.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఈ డిగ్రీతో వాడు రోగిని ముట్టుకోకూడదు. అది వైద్యం చేయడానికి ఇచ్చే పట్టా కాదు. అంచేత వాడి ప్రాక్టికల్సన్నీ రూమ్మేట్ల మీదే. బాబిన్‌స్కీ 1896లో చెప్పిన పరీక్ష ఒకటుంది. మడమ దగ్గర్నుంచి అరికాలు మీద గీస్తే బొటనవేలు కిందికి వంగాలి, పైకి లేస్తే మెదడు నుంచి వచ్చే దారిలో ఏదో తేడా ఉన్నట్టు. గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చి ఒళ్లు తెలీకుండా పడుకున్న డేటా సైన్సువాడి అరికాలు మీద మనవాడు ఇంటితాళంతో గీశాడు. బొటనవేలు పైకే లేచింది. దాంతోపాటు కాలూ లేచి మనవాడి గడ్డానికి తగిలింది. ఫలితాన్ని ఏ గడిలో రాయాలో వాడికి తేలలేదు.

జబ్బులు మాత్రం వాడికి టైమ్‌టేబుల్ ప్రకారం వస్తాయి. మైగ్రేన్ పాఠం రోజు తలనొప్పి. మల్టిపుల్ స్క్లెరోసిస్ వారంలో వేళ్లు తిమ్మిరి. మోటార్ న్యూరాన్ జబ్బు చెప్పిన రాత్రి కనురెప్ప అదిరితే తెల్లారేదాకా నిద్రపోలేదు, నిద్ర లేనందుకు అది ఇంకా అదిరింది. ఇంటికి ఫోన్ చేస్తే నాయనమ్మ "ఏ కన్నురా, కుడా ఎడమా?" అని అడిగింది. నా లెక్కలో ఆవిడ అడిగింది కూడా లీజన్ ఎక్కడనే.

మెదడు చేత్తో పట్టుకుంటాననుకుని వచ్చినవాడి చేతికి రెండో టర్మ్‌లో కోడింగ్ వచ్చింది. పగలంతా స్కాన్ ఫైళ్లు, స్టాటిస్టిక్స్. అప్పట్నుంచి వాడితో కలిసి భోజనం చేయడం కష్టమైంది. ఆదివారం అందరూ చేపల పులుసు కలుపుకుంటుంటే కథ మొదలెడతాడు. అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వీళ్ల మనసులో ఏముందో చెప్పమని అడిగారు. లెక్క సరిచేయకుండా చూస్తే చేప మెదడు ఆలోచిస్తున్నట్టే కనిపించింది. వేలకొద్దీ చుక్కల్ని విడివిడిగా పరీక్షిస్తే కొన్ని కాకతాళీయంగా వెలుగుతాయని చెప్పడానికే ఆ పని చేశారు. 2012లో వాళ్లకి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. కథ అయ్యేసరికి పులుసులో ముక్కలన్నీ మనవాడికే మిగులుతాయి. అది కాకతాళీయం కాదని నా అనుమానం.

అసలు ఇబ్బంది ఊరినుంచి వస్తుంది. పెద్దమ్మకి తల తిరుగుతోందని ఎమ్మారై ఫిల్ము ఫొటో వాట్సాప్‌లో దిగింది. ట్యూబ్‌లైటుకి అడ్డంపెట్టి తీశారు, పుర్రె వెనక ఫ్యాను రెక్క కూడా పడింది.

"అమ్మా, నేను డాక్టర్ని కానే."

"ఆ మాట ఇక్కడ ఎవరితోనూ అనకు నాన్నా. అందరికీ చెప్పేశాను."

ఫొటో పక్కనపెట్టి, పక్కమీద దొర్లినప్పుడే తిరుగుతోందా అని అడిగాడు. అవునంది. ఐతే గొడవ చెవి లోపల ఉండొచ్చు, చెవి డాక్టరుకి చూపించండి అన్నాడు. మంచి సలహా. వాళ్లు వెళ్లేలోపే అది దానంతటదే తగ్గింది. ఆ ముందురోజు దిష్టి తీశారు కనక ఖ్యాతి ఎండుమిరపకాయలకి పోయింది. "శాంపుల్ సైజ్ ఒకటి!" అని మనవాడు లండన్‌లో నెత్తి కొట్టుకున్నాడు. సరస్వతి ఆకు లేహ్యం మీదా వాడికి ఇదే అభ్యంతరం. నాయనమ్మ పెట్టెలో సర్దిన సీసా చూసి ట్రయల్స్ ఏవని అడిగినవాడు, పరీక్షల వారంలో రోజూ రెండు చెంచాలు నాకాడు.

ఒకసారి తాతయ్యకి జ్ఞాపకశక్తి పరీక్ష పెడదామని వీడియో కాల్ చేశాడు. మోకా అంటారు దాన్ని, ముప్ఫై మార్కులకి. తాతయ్య మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపిన మనిషి.

"ఇవాళ తేదీ ఎంత తాతయ్యా?"

"కార్తీక బహుళ ఏకాదశి."

కాగితం మీద దానికి గడి లేదు.

"సరే, వందలోంచి ఏడు తీసేస్తూ పో."

ఐదుసార్లు తీసేస్తే చాలు, అరవై ఐదు దగ్గర ఆపాలి. తాతయ్య ఆగలేదు. తొంభై మూడు, ఎనభై ఆరు అంటూ ఒక్క గుక్కలో కిందిదాకా దిగిపోయాడు.

"చివర రెండు మిగిలాయిరా. ఎవరి ఖాతాలో వేయమంటావు?"

మనవాడు మార్కులు వేసుకుంటుంటే తాతయ్య మొదలెట్టాడు.

"ఇంతకీ ఆ చదువయ్యాక ఏం చేస్తావు?"

"జబ్బు ఎక్కడుందో చెప్పగలను తాతయ్యా."

"చెప్పి?"

"డాక్టర్ దగ్గరికి వెళ్లమంటాను."

"అది మీ నాయనమ్మా చెప్తుందిగదరా. పైగా లేహ్యం కూడా ఇస్తుంది."