పైతేట

బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాక పెరట్లోకి నాలుగు వనరాజా కోడిపిల్లల్ని తెచ్చాను. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకానికని తీసిన రకం అది. నేల గోక్కుని, దొరికింది ఏరుకుని బతకగలిగే కోళ్ళే. మా ఇంటికొచ్చాక మాత్రం వాటికి రాజభోగం పట్టింది.

దాణా పులియబెట్టి పెడితే మంచిదని ఎక్కడో చదివాను. పులిస్తే గింజలో ఉండే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుందట, అది పట్టి ఉంచిన ఖనిజాలు కోడికి ఒంటబడతాయట. పైగా తడి మేత కాబట్టి పొడి దాణాలా కాళ్ళతో చిమ్మి పాడుచెయ్యవు. ఇంకేం, ఆ సాయంత్రమే మూడు గాజు జాడీలు కొన్నాను. ఇవాళ నానేసింది ఒకటి, నిన్నటిది ఒకటి, మొన్నటిది ఒకటి.

వాటికి నీడపట్టున చోటు కావాలి. వంటగదిలో ఈశాన్యం మూల ఖాళీగానే ఉంది. అమ్మ ఊరి నుంచి వచ్చిన కొత్తలో అక్కడ తరవాణి కుండ పెట్టుకుంది. రోజూ ఇంత గంజీ, ఇంత బియ్యం కడుగూ పోసేది. ఇల్లంతా పులుపు కంపు, ఎవరైనా వస్తే బాగోదని నేనే దాన్ని చెత్తబండిలో వేసొచ్చాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ మూలలో జాడీలు చక్కగా అమిరాయి.

మొదటి జాడీ చెడిపోయింది. పైన నల్లగా బూజు. పారబోస్తుంటే అమ్మ తొంగి చూసింది.

"గింజ నీళ్ళలో మునిగుండాలి నాన్నా. ఉబ్బి పైకొస్తే బూజు పట్టదూ మరి? రెండంగుళాలు నీళ్ళు నిలబెట్టు. పొద్దునా సాయంత్రం కలియబెట్టు. ఒకసారి బాగా పులిసిందంటే ఆ పైతేట కాస్త దాచుకో, మళ్ళీదానికి తోడు."

చెప్పినట్టే చేశాను. రెండో రోజుకల్లా జొన్నల సందుల్లోంచి సన్నటి బుడగలు లేచాయి. మూతగుడ్డ తీస్తే పుల్లమజ్జిగ వాసన.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?"

"ఏదోలే" అంది.

ఆదివారం మా ఆఫీసు వాళ్ళు భోజనానికొచ్చారు. జాడీ తెచ్చి బల్ల మీద పెట్టి, గుడ్డ తీసి, ఒక్కొక్కరికీ వాసన చూపించాను. "ఇందులో ఉండేది లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా. పెరుగులో ఉండే జాతే. కడుపుకి ఎంత చలవో తెలుసా!" అన్నాను. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. ఒకాయన ఫొటో కూడా తీసుకున్నాడు. అమ్మ కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి అంతా వింది.

నాలుగు నెలలు పోయాక ఒక పొద్దున గంపలో మొదటి గుడ్డు కనబడింది. లేత గోధుమరంగు, చేతిలో ఇంకా వెచ్చగా ఉంది. పరుగున అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"అంతా నీ సలహా చలవే. తొలిగుడ్డు నీదే. ఉడకబెట్టనా, అట్టు వెయ్యనా? ఏం కావాలో అడుగు."

అమ్మ గుడ్డు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నా అరచేతిలోనే పెట్టింది. చూపు ఈశాన్యం మూలకి పోయింది.

"గుడ్డొద్దుగానీ నాన్నా... ఆ జాడీలో పైతేట ఓ గ్లాసుడు ఒంచిస్తావా? చద్దన్నంలో పోసుకుంటాను."

నేను మాట్లాడకపోయేసరికి తనే సర్దుకుంది.

"కోళ్ళకి తక్కువౌతుందంటే వద్దులే."