ఆవిరి వచ్చేదాకా తలుపు తీయకు

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా అబ్బాయి వాళ్లింట్లో మైక్రోవేవ్ ఓవెన్ సరిగ్గా స్టవ్ నెత్తిన ఉంటుంది. అమెరికాలో చాలా ఇళ్లలో దాని చోటు అదే. కింద పొయ్యి మీది పొగ పీల్చడం దాని పనే, నిన్నటి అన్నం వేడి చేయడమూ దాని పనే. దాని మొహం మీద అంకెల బటన్లు కాక ఇంకో వరస ఉంది: పొటాటో, వెజిటబుల్, రీహీట్, పాప్‌కార్న్. ఆ వరస పైన 'సెన్సర్ కుక్' అని రాసి ఉంటుంది. ఎంతసేపో చెప్పక్కర్లేదట. పదార్థం పేరు నొక్కితే చాలు, ఉడికిందో లేదో అదే కనిపెట్టి అదే ఆగిపోతుందట. ఈ మాట చెప్పిన మా కోడలు మాత్రం ఆ వరస జోలికి వెళ్లగా నేను చూడలేదు. ఏది పెట్టినా 'ముప్ఫై సెకన్లు' బటన్ నొక్కుతుంది. చాలకపోతే మళ్లీ నొక్కుతుంది.

"అన్నీ అదే చూసుకుంటుందన్నావు కదమ్మా?"

"చూసుకుంటుంది అత్తయ్యా. కానీ దాన్ని నమ్మి కూర్చునే టైము ఎవరికుంది?"

రిటైరయ్యేదాకా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని నేను. 'నాకొచ్చండీ' అన్న ప్రతివాణ్నీ 'అయితే బోర్డు దగ్గరికి రా' అని పిలిచిన ప్రాణం. ఈ ఓవెన్నీ అలాగే పిలవాలనిపించింది. దాని పుస్తకం వంటింటి సొరుగులో, వాడని సాస్ పొట్లాల కింద, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా పడి ఉంది. అమెరికా వచ్చిన అత్తగార్లకి మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటాయి. మొత్తం చదివాను.

ముందుగా తేలినదేమిటంటే, ఆ సెన్సర్‌కి కూర కనపడదు. వాసన తెలియదు, రుచి అసలే తెలియదు. ఓవెన్‌లోంచి గాలి బయటికి పోయే దారిలో కూర్చుని తేమ కోసం కాచుకుని ఉంటుంది, అంతే. కొన్ని రకాల ఓవెన్లలో పదార్థం వేడిని దూరం నుంచే కొలిచే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటాయి గానీ, మా వాళ్లది తేమ చూసే రకం. లోపల తరంగాలు పదార్థంలో ఉన్న నీటిని కుదిపి వేడెక్కిస్తాయి. కాసేపటికి ఆవిరి లేచి గాలిలో తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు ఓవెన్ 'మొదలుపెట్టినప్పటి నుంచి ఆవిరి రావడానికి ఇంతసేపు పట్టింది' అని రాసుకుంటుంది. మనం ఏ బటన్ నొక్కామో ఆ పదార్థానికని కంపెనీ వాళ్లు ముందే పెట్టిన ఒక అంకె ఉంటుంది. ఆ సమయాన్ని ఆ అంకెతో హెచ్చవేస్తుంది. వచ్చిన జవాబే ఇంకా ఉడకాల్సిన సమయం. అప్పటిదాకా పదార్థం పేరు మాత్రమే చూపించిన డబ్బా మీద ఆ తరవాతే అంకెలు కనపడి వెనక్కి లెక్కపెట్టడం మొదలవుతుంది.

కొండంత తెలివి ఉందనుకున్న డబ్బాకి వచ్చింది ఒక్క ఎక్కం! ఎనిమిదో తరగతిలో నేను చెప్పిన అనులోమానుపాతం. పదార్థం ఎక్కువైతే ఆవిరి ఆలస్యం, ఆవిరి ఆలస్యమైతే మిగతా సమయమూ ఎక్కువ. నవ్వొచ్చింది గానీ, తప్పు పట్టడానికి మాత్రం ఏమీ దొరకలేదు. గిన్నెడు కూరకీ గరిటెడు కూరకీ ఒకటే ముప్ఫై సెకన్లు నొక్కే మా కోడలి పద్ధతి కన్నా ఇది నయం. మార్కులు వెయ్యమంటే వేస్తాను.

చిక్కంతా ఆ ఒక్క లెక్క తప్పకుండా ఉండాలంటే మనం పాటించాల్సిన మడి దగ్గర వచ్చింది. గిన్నె బయటివైపు చుక్క తడి ఉండకూడదు. ఓవెన్ లోపలా ఉండకూడదు. కూర కన్నా ముందు ఆ చుక్కే ఆవిరైపోతే, కూరే పొగలు కక్కుతోందనుకుని తొందరపడి లెక్క కట్టేస్తుంది. గిన్నె తొలిచి, ఆ తడి చేత్తోనే కూర వడ్డించే వంశం మాది. మూత పెట్టాలి, కానీ బిగించకూడదు. బిగించిన డబ్బాలోంచి ఆవిరి బయటపడదు కాబట్టి ఇది ఎదురుచూస్తూనే ఉంటుంది, లోపల కూర మాడుతూనే ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పి ఓ మూల కాస్త తెరిచి ఉంచాలట. కొత్తగా ప్లగ్ పెడితే రెండు నిమిషాలు ఆగాలని కొన్ని కంపెనీలు రాస్తాయి. గది వేడి 35 డిగ్రీలు దాటకూడదని కూడా రాస్తాయి. బెజవాడలో మే నెల వంటింటికి ఈ ఓవెన్ని తీసుకెళితే పాపం వేసవి సెలవులు అడుగుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. ఆవిరి వచ్చి అంకెలు కనపడేదాకా తలుపు తీయకూడదు. తీస్తే లోపలి తేమ బయటికి పోయి లెక్క చెడుతుంది. అది ఎర్రర్ అని రాసి పని మానేస్తుంది.

ఈ నియమం రాసినవాడెవరో తెలుగు వంటింట్లో ఒక పూట కూడా నిలబడి ఉండడు. మూత తీసి చూడటం మనకి అనుమానం కాదు, వంటలో భాగం. అన్నం ఉడికిందా అంటే ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తాం. పులుసు మరిగిందా అంటే గరిటెతో ఎత్తి పోసి చూస్తాం. ఉప్పు సరిపోయిందా అంటే అరచేతిలో చుక్క వేసుకుని నాకుతాం. వంకాయ మెత్తబడిందా అంటే గరిటె అంచుతో నొక్కుతాం. చూసే పని ఏమీ లేకపోయినా మూత తీస్తాం, ఊరికే, పలకరింపుగా. మా వారు వంట చేయరు గానీ మూతలు తీయడంలో ఆయనకు నలభీములు సాటిరారు. నిన్నటి గుత్తివంకాయ కూర రీహీట్‌లో పెట్టమంటే పెట్టారు. నేను అటు తిరిగేలోపు తలుపు తీశారు.

"ఏమోయ్, ఇదేదో రాస్తోంది."

"పిలవకుండా వెళ్లారు కదా, అందుకు."

"వేడెక్కిందో లేదో చూడద్దా?"

"అది చూస్తోంది. మీరు చూస్తే అది చూడదట."

ఆయన ఓవెన్ వంక, నా వంక అనుమానంగా చూసి, ఆ కూర చల్లగానే తిన్నారు.

అయితే ఇక్కడో మాట ఒప్పుకోవాలి. చూడకుండా వండటం మనకి మరీ కొత్తేమీ కాదు. ప్రెషర్ కుక్కర్ ఇంట్లోకి వచ్చిన రోజే మూత తీసే హక్కు వదులుకున్నాం. ఆవిరి నిండితే కూత వేస్తుంది, అన్నానికి ఇన్ని, కందిపప్పుకి ఇన్ని అని మనమే లెక్క పెట్టుకుంటాం. ఈ సెన్సర్ చేసేదీ దాదాపు అదే. తేడా ఏమిటంటే కుక్కర్ వీధి చివరి దాకా వినపడేలా చెబుతుంది, ఇది లోలోపల లెక్క కట్టుకుంటుంది. కూత వేయని ఆవిరిని నమ్మడం కష్టమే.

పుస్తకంలో నన్ను ఇంకా కష్టపెట్టిన పేజీ ఒకటుంది. సెన్సర్ రీహీట్‌కి పనికిరానివేవో రాశారు. కరకరలాడాల్సినవి వద్దు, రొట్టెల్లాంటివి వద్దు, మూత లేకుండా వేడి చేయాల్సినవి వద్దు, మధ్యలో కలపాల్సినవి వద్దు. అంటే గారెలు, అప్పడాలు పోయాయి. చపాతీలు, పూరీలు పోయాయి. అడుగున ముద్దగా దిగిపోయే పప్పు కలపకపోతే చుట్టూ సలసల, నడుమ చల్లన, కాబట్టి పప్పూ పోయింది. పుల్లటట్లు ఏ కోవలోకి వస్తాయో అమెరికా వాళ్లకి తెలియదు గనక అవి బతికిపోయాయి. ఒకసారి సెన్సర్‌లో పెట్టిన పదార్థాన్ని వెంటనే రెండోసారి అందులో పెట్టొద్దనీ, మాడిపోవచ్చనీ కొన్ని కంపెనీలు హెచ్చరిస్తాయి. ఇంకాస్త వేడి కావాలంటే ఎంతసేపో మనమే చెప్పి పెట్టుకోవాలట. అంటే తిరిగి తిరిగి మా కోడలి ముప్ఫై సెకన్ల దగ్గరికే చేరాం.

ఆ ఇంట్లో ఉన్న సెన్సర్ ఇదొక్కటే అయితే సర్దుకుపోదును. ఇంకోటి పైకప్పుకు అతుక్కుని ఉంది, పొగ కనిపెట్టేది. నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి ఇంకా కరివేపాకు చేతిలో ఉండగానే హాల్లోంచి కీచుమని అరుస్తుంది. మా మనవడు వెంటనే తువ్వాలు పట్టుకుని దాని కింద గంతులేస్తూ విసురుతాడు. వాడికి తాలింపు వాసన అంటే అదే, ఆటవిడుపు. ఒకే వంటింటికి ఇద్దరు కాపలాదార్లు: ఆవిరి చూసి కూర ఉడికిందనుకునేది ఒకటి, పొగ చూసి కొంప కాలిందనుకునేది ఇంకోటి. ఇద్దరికీ చారు మాత్రం అర్థం కాదు.

పాప్‌కార్న్ బటన్ కథ వేరే. ఈ యంత్రానికీ పాప్‌కార్న్‌కీ పుట్టుకతో చుట్టరికం ఉంది. రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు, బడి చదువు కూడా పూర్తిచేయని మనిషి, 1945లో రాడార్ పరికరం దగ్గర నిలబడి ఉండగా జేబులో మిఠాయి బిళ్ల కరిగిపోయిందట. ఆ తరవాత ఆయన దాని ముందు పెట్టి చూసింది మొక్కజొన్న గింజలనేనని చెబుతారు. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి ఓవెన్ దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు. అది 1967కి గాని బల్ల మీద పట్టే సైజుకి రాలేదు. ఇంత చరిత్ర ఉన్న పాప్‌కార్న్‌కి ప్రత్యేకంగా ఒక బటన్ పెడితే, పాప్‌కార్న్ పొట్లాల మీదేమో 'పాప్‌కార్న్ బటన్ వాడకండి' అని అచ్చేసి అమ్ముతున్నారు! చాలా ఓవెన్లలో ఆ బటన్‌కి వెనక సెన్సరే ఉండదు, ఏదో ఒక టైము పెట్టేసి ఉంటుంది. పొట్లాలేమో రకరకాల సైజులు. అందుకని పక్కన నిలబడి వినమంటారు. టప్ టప్ మని పేలే చప్పుళ్ల మధ్య రెండు సెకన్ల ఎడం రాగానే ఆపేయాలి. ఇంతకాలం పరిశోధన చేసి చివరికి మనిషి చెవికే వదిలేశారు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. పొటాటో బటన్ దగ్గర మాత్రం ఈ డబ్బాకి నూటికి నూరు. దుంపలు కడిగి, తుడిచి, ఫోర్కుతో నాలుగు వైపులా పొడిచి పెట్టాలి. పొడవకపోతే లోపలి ఆవిరికి దారి లేక పగిలి ఓవెనంతా చిమ్ముతుంది. తలుపు వేసి నేను హాల్లోకి వెళ్లిపోయాను. మా వారిని కూడా తీసుకెళ్లాను. పిలిచినప్పుడు వెళ్లి చూస్తే దుంపలు చేత్తో నలిగేంత మెత్తగా ఉన్నాయి, నీళ్లోడుతూ కూడా లేవు. పూరీ కూరకి అంతకన్నా ఏం కావాలి? తాలింపు నేనే వేసుకున్నాను. అలారం దాని పని అది చేసింది.

హైదరాబాదులో మా ఇంటి ఓవెన్ మీదా 'ఆటో కుక్' అని గొప్పగా ఉంది, ఇడ్లీ, ఉప్మా పేర్లతో సహా. అదీ ఇలాంటిదే కాబోలనుకుని తిరిగొచ్చాక పుస్తకం తీశాను. పదార్థం ఎన్ని గ్రాములో మనం చెప్పాలి, ఆ బరువుకి ముందే రాసిపెట్టిన టైము అది నడిపిస్తుంది. లోపల ఆవిరి వచ్చినా, రాకపోయినా దానికి పట్టదు. ఉప్మా రవ్వని మా అమ్మ చేరతో కొలిచింది, నేను గ్లాసుతో కొలిచాను, గ్రాముల్లో తూచినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. ఇక్కడ అమ్మే చాలా ఓవెన్ల సంగతీ ఇంతే.

కాబట్టి కొనబోయేవాళ్లు 'ఆటో' అన్న మాట చూసి డబ్బులు తీయకండి. తేమ సెన్సర్ ఉందా లేదా అని షాపువాణ్ని సూటిగా అడగండి. ఉంటే, పొడిగిన్నెలో అన్నం, ముద్దకూరలు, బంగాళాదుంపలు దానికి అప్పగించండి, పప్పూ పులుసూ స్టవ్ మీదే ఉంచుకోండి. పాప్‌కార్న్ మాత్రం పక్కన నిలబడి చెవితోనే చేసుకోండి.