ఎనిమిది గదుల ఇల్లు

మ్యూజియం అన్నాక కత్తి ఉండాలని నా సిద్ధాంతం. కత్తి, కిరీటం, కనీసం ఏ నవాబుగారో ఎక్కిన పల్లకీ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ ఊరు వెళ్లినా ఈ కొలతతోనే చూశాను. సాలార్‌జంగ్‌కు ఫస్టు క్లాసు మార్కులు వేసినవాణ్ని. అలాంటి నన్ను మా అమ్మాయి న్యూయార్క్‌లో ఆర్చర్డ్ వీధి 97వ నెంబరు ఇంటి ముందు నిలబెట్టి, "ఇదే నాన్నా మ్యూజియం" అంది.

ఎదురుగా అయిదంతస్తుల పాత ఇటుకల మేడ. మా బెజవాడలో అయితే శిథిల భవనమని మునిసిపాలిటీ వాళ్లు ఈపాటికి నోటీసు అంటించి ఉండేవాళ్లు. దాని పేరు టెనెమెంట్ మ్యూజియం. డాలర్లను రూపాయల్లోకి మార్చుకునే జబ్బు నాకింకా తగ్గలేదు. టికెట్టు ధర మార్చుకుని చూసుకున్నాను, ప్రాణం ఉసూరుమంది. గైడుగా వచ్చిన అమ్మాయిని పట్టుకుని, "ఈ ఇంట్లో పెద్దవాళ్లెవరు ఉండేవారు?" అని అడిగాను. దర్జీలు, వడ్రంగులు, చెప్పుల పనివాళ్లు అని చెప్పింది. నేను పెదవి విరిచాను. మా అమ్మాయి తల పక్కకు తిప్పుకుంది.

1863లో లూకస్ గ్లోక్నర్ అనే జర్మనీ దర్జీ కట్టించిన మేడ అది. 1935 దాకా సుమారు 7,000 మంది అందులో కాపురాలు చేశారట, ఇరవైకి పైగా దేశాల నుంచి వచ్చినవాళ్లు. వాటాకు మూడు గదులు. మూడూ కలిపితే 325 చదరపు అడుగులు. బయటి వెలుతురు వచ్చేది ఒక్క ముందు గదికే. మొదట్లో నీళ్లకైనా దొడ్డికైనా పెరట్లోకి దిగాల్సిందే. 1901 చట్టం వచ్చాకే లోపలికి మరుగుదొడ్లు వచ్చాయి. చివరికి, కొత్త రూల్స్ ప్రకారం మరమ్మతులు చేయించడం కంటే జనాన్ని పంపేయడమే చవకని లెక్క చూసుకున్న ఇంటి యజమాని పై అంతస్తులు ఖాళీ చేయించి మూసేశాడు. అద్దెకిచ్చేవాళ్ల లెక్కలు అన్ని దేశాల్లో ఒకటే. యాభై ఏళ్ల తరవాత, 1988లో, రూత్ ఏబ్రమ్, అనిటా జేకబ్సన్ అనే ఇద్దరు మహిళలకు ఆ గదులు దొరికాయి. గోడల మీద కాగితాలు పొరలు పొరలుగా అలాగే ఉన్నాయి.

ఒక వాటాలో కుట్టుమిషను ముందు ఆపి గైడమ్మాయి నటాలీ గుంపెర్ట్స్ సంగతి చెప్పింది. మొగుడు జూలియస్ చెప్పుల పనివాడు. 1874లో ఒకరోజు పనికని వెళ్లి మళ్లీ రాలేదు. పిల్లలతో మిగిలిపోయిన ఆ ఇల్లాలు బట్టలు కుట్టి సంసారం ఈదింది. "ఏమయ్యుంటాడు?" అని గైడు మమ్మల్ని అడిగింది. నేను ఊరుకోవచ్చు కదా! కచ్చితంగా ఇంకో ఆడదాని వెంట వెళ్లి ఉంటాడని, ఇలాంటివి మా ఆఫీసులో ఎన్నో చూశానని, ఆ వచ్చీరాని ఇంగ్లీషులో తీర్పు చెప్పేశాను. ఏమయ్యాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదట. 1883లో జర్మనీలో మామగారు కొడుక్కి 600 డాలర్లు వదిలి పోతే, ఆ డబ్బు చేతికి రావడానికి నటాలీ కోర్టుకెళ్లి తన మొగుడు చచ్చిపోయినట్టేనని ప్రకటించమని అడగాల్సి వచ్చింది. ఆ కోర్టు కాగితాలు మిగలబట్టే ఆవిడ కథ ఇవాళ మనకు తెలిసింది. నా తీర్పు ఎవరికీ అక్కర్లేకపోయింది.

అక్కడితో ఆగితే సరిపోయేది. మీరు పెరిగిన ఇంట్లో ఎందరుండేవారు, ఎన్ని గదులు అని గైడు అందరినీ అడగడం మొదలుపెట్టింది. ఒక చైనా ఆవిడ తమది ఒకే గది అని, అందులో తాము ఆరుగురం అని ఏ సంకోచమూ లేకుండా చెప్పింది. నా వంతు వచ్చింది. పక్కన మనవరాలు. "ఎనిమిది గదుల ఇల్లు మాది" అన్నాను. అందరూ అబ్బో అన్నారు. మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

గదులు ఎనిమిది, అది అబద్ధం కాదు. కానీ బెజవాడ సత్యనారాయణపురంలోని ఆ ఇంట్లో కాపురాలే నాలుగు. రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తా అయిన మా నాన్నకు వచ్చిన వాటా రెండు గదులు. అందరికీ కలిపి నుయ్యి ఒకటి, దొడ్డి ఒకటి. తెల్లారకముందే బిందెల వరస, చెంబుల వరస. రాత్రి తొమ్మిదింటికి ఇంటావిడ మెయిన్ ఆపేసేది. పరీక్షలకు కిరసనాయిలు దీపమే గతి. మా అమ్మ ఆవిడకు భయపడి గోడకు ఒక్క మేకు కూడా కొట్టనిచ్చేది కాదు; కేలండరు గుమ్మానికి వేలాడేది.

ఈ సంగతులు పెళ్లిచూపుల నాటి నుంచీ దాస్తూ వచ్చాను. నాన్న పోయాక ట్రంకుపెట్టెలో అద్దె రసీదుల కట్ట దొరికితే పాత కాగితాల వాడికి తూకానికి వేసేశాను. నెలనెలా ఆయన ఎంత కట్టాడో, ఏ నెల ఆలస్యమైందో అన్నీ ఉన్న కట్ట అది. ఆ మ్యూజియంలో, ఎవరో అపరిచితుల చిరిగిన కాగితాల కోసం చరిత్రకారులు ఆఫీసులన్నీ గాలిస్తారని విన్నప్పుడు మాత్రం మెట్ల మీద నాకు కాలు కదల్లేదు. మోకాలి నొప్పి అని చెప్పాను. అదీ అబద్ధమే.

టికెట్టు దండగ అనుకున్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను చూసిన మ్యూజియాల్లో అదే మేలైనది, కత్తి లేకపోయినా. మా మనవరాలికి తెలుగు చదవడం రాదు కాబట్టే ఇవన్నీ ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను. న్యూజెర్సీలో ఉన్న మీలో ఎవరికైనా ఆ పిల్ల కనబడితే, దయచేసి నేను చెప్పేదాకా ఆగండి.