మా గట్టు మీది టేకు

మా రోజుల్లో చెట్టు మీద గొడ్డలి పడాలంటే ముందు వడ్రంగి రావాలి. గొడ్డలి మొద్దువైపుతో మానును నాలుగు చోట్ల కొట్టి వినేవాడు. గుల్ల మోత వస్తే "ఇది దూలానికి ఆగదు, వదిలేయండి" అనేవాడు. నాగలికి నల్లతుమ్మ, దూలానికి టేకు. పువ్విచ్చే ఇప్ప జోలికి పోతే ఊరంతా తిట్టిపోసేది. టేకును నేలమట్టంగా, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా నరికేవారు. వానలకు మొద్దు చుట్టూ పిలకలు లేస్తే మా నాయన బలమైనదొక్కటి ఉంచి మిగతావి తీసేసేవాడు. మళ్లీ నాటే పని లేకుండా అక్కడే ఇంకో చెట్టు లేచేది.

ఇప్పుడు సొంత పట్టాలోని చెట్టుకైనా అనుమతి కావాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం మాట అది. అంతకుముందే, 1996 డిసెంబరులో, గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు భూమి ఎవరిదైనా అడవి అడవేనని తేల్చింది. దాన్ని నేను తప్పుపట్టను. పట్టా పేరు చెప్పి గుట్టలకు గుట్టలు బోడి చేసిన కాంట్రాక్టర్లను మా తరం కళ్లారా చూసింది. నా కడుపుమంట వేరే.

ఇంటి తలుపులకని గట్టు మీది టేకు కొట్టుకుందామని పోతే, పాసుపుస్తకం తే, పహాణీ తే అన్నారు. హద్దులు ఒక ఆఫీసు తేల్చాలట. ఛాతీ ఎత్తున టేపు చుట్టి లావు రాసుకోవడం ఇంకో ఆఫీసు పని. కొట్టాక దుంగల మీద సుత్తి ముద్ర పడాలి, ఆపైన పర్మిట్ లేనిదే బండి రోడ్డెక్కదు. ఒక్క సంతకం కోసం వానాకాలమంతా పోయింది. ఈలోపు గాలివానకు ఒక చెట్టు కూలింది. ముట్టుకుంటే కేసవుతుందన్నారు. కళ్లెదుటే చెదలు తినేసింది.

జామాయిలుకూ సుబాబులుకూ ఈ బాధ లేదు. అందుకే మా ఖమ్మం వైపు చేలల్లో ఎటు చూసినా అవే. ఎదగ్గానే కొట్టి కాగితం మిల్లుకు తోలడమే. గట్టు మీద టేకు మొలక కనబడితే మాత్రం, పెరిగితే మెడకు చుట్టుకుంటుందని పీకేస్తున్నారు. ఇది చూస్తే నాకు ఏడుపొస్తుంది.

ఇప్పకూ గుట్ట మీది మద్దికీ ఎంత కట్టుదిట్టమైనా పెట్టండి, నేనే కాపలా కాస్తాను. రైతు నాటి, నీళ్లు పోసి పెంచిన టేకును మాత్రం నాటిన ఏడాదే పహాణీలో రాయండి. కొట్టుకుంటానని అర్జీ పెడితే పదిహేను రోజుల్లో వచ్చి చూడండి. గడువు దాటినా రాకపోతే కొట్టుకోనివ్వండి.